వలకి అలవాటైన చెయ్యి

మొన్న కార్తీకంలో ఒక ఆదివారం మైపాడు పోయినాం. మా ఆవిడ, ఆమె చెల్లెలు, నేను. వాళ్ళిద్దరూ సముద్రస్నానం చేసి, బట్టలు మార్చుకొని, పులిహోర పొట్లాలు విప్పుతా ఉన్నారు. అంతలో మోకాటిలోతు నీళ్ళలో ఎవరో ఒకాయన విసురువల వేసినాడు. ఒంటిని ఒక్క తిప్పు తిప్పి వదిలినాడు చూడండి, అది గాల్లోనే విచ్చుకొని పళ్ళెం మాదిరి గుండ్రంగా నీళ్ళమీద పడింది. "అబ్బ, ఎంత బాగా పడిందో!" అన్నది మా ఆవిడ. నేను లేచి పోయి కారులో కూర్చున్నాను.

వెనకాలే వచ్చింది. "ఏమండీ, షుగర్ గానీ పడిపోయిందా? బ్యాగులో చాక్లెట్ ఉంది."

"ఏం పడిపోలా. మీరు తినండి."

"మరి మొహం అట్టా పెట్టుకున్నారేంది?"

"నా మొహమే అంత. పుట్టినప్పట్నుంచీ ఇట్టనే ఉంది."

ముప్పైనాలుగేళ్ళ కాపురంలో ఆమెకి నేను చెప్పని సంగతులు రెండో మూడో ఉంటాయి. ఇది అందులో ఒకటి. నేరమేం కాదు, పోలీసులొచ్చే పని కాదు. ఒక మనిషికి నేను మంచి చెయ్యబోయినాను. అంతే. కానీ వల విచ్చుకోవడం చూస్తే ఈరోజుకీ నేను అక్కడ నిలబడలేను.

ఆయన పేరు రాయను. అడిగి రాయడానికి ఇప్పుడు నాకు మొహం లేదు. ఆ రోజుల్లో ఆయన్ని "ఏమయ్యా" అనేవాణ్ణి, "నువ్వు" అనేవాణ్ణి. ఇప్పుడు రాయబోతే చెయ్యి "ఆయన" అనే రాస్తా ఉంది. ఈ బుద్ధి అప్పుడుంటే బాగుండేది.

నేను సముద్రం పక్కన ఒక కరెంటు ప్లాంటులో మెయింటెనెన్సు ఇంజనీరుగా పనిచేసినాను. టౌన్‌షిప్పు వెనక సరుగుడు తోపు, ఆ తోపుకి ఇవతల ఇసక దిబ్బలు. ఒక పెద్దాయన పైనుంచి ప్లాంటు హెడ్డుగా బదిలీ మీద వచ్చి ఆ దిబ్బల్ని చదును చేయించి, గడ్డి వేయించి, గోల్ఫ్ గ్రౌండు చేయించినాడు. ఉత్తరాది మనిషి, చిన్నప్పట్నుంచీ ఆడేవాడంట. పెద్దాయనకి గోల్ఫ్ ఉంటే కింద వాళ్ళకి అంటుకోకుండా ఉంటుందా? నెల తిరక్కముందే ఆఫీసర్లందరం తెల్ల టోపీలు కొనుక్కున్నాం. నాకైతే డాక్టరు రోజూ నడవమన్న సాకు కూడా ఉంది.

నేను పేరు రాయనన్న ఆయన ఆ గ్రౌండులో కాంట్రాక్టు మనిషి. పక్కనే ఉన్న చేపలవాళ్ళ ఊరు ఆయనది. పొద్దున గడ్డికి నీళ్ళు పెట్టడం, మేం కొట్టిన బంతులు ఏరి బకెట్లో వెయ్యడం, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా జెండా కర్రలకి రంగు వెయ్యడం ఆయన పని. నలభై దాటిన మనిషి, బక్కగా, నల్లగా, లుంగీ ఎప్పుడూ మోకాళ్ళ పైకే. చెప్పులు వేసుకునేవాడు కాదు. బంతి ఏరడానికి వంగేవాడు కాదు. కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య బంతిని ఇరికించి, మోకాలు మడిచి, ఒక విదిలింపు విదిలిస్తే అది పోయి బకెట్లో పడేది. బకెట్ వైపు చూసేవాడు కూడా కాదు.

మొదటి వారం నేను కొట్టిన బంతులన్నీ కుడిపక్కన సరుగుడు తోపులోకి పోయినాయి. తిన్నగానే బయల్దేరతాయి, సగం దూరం పోయినాక ఎవరో చెయ్యి పట్టి లాగినట్టు కుడికి వంగి తోపులో పడతాయి. ఆయన పోయి వెతికి తెస్తాడు, నేను మళ్ళీ పంపిస్తాను. నాలుగో రోజు బకెట్ కింద పెట్టి దగ్గరికొచ్చినాడు.

"సార్, మీది ఏవూరు?"

"సంగం పక్కన. ఎందుకు?"

"సేద్యమా?"

"మా నాయన చేసేవాడు. చిన్నప్పుడు నేనూ పార పట్టినాను. ఏంది నీ గోల?"

"అదీ సంగతి," అని తలూపినాడు. "మీరు బంతిని కొట్టడంలా సార్. గెనిమ చెక్కతా ఉండారు."

నాకు మండింది. ఇంజనీరుని పట్టుకొని, బంతులేరుకునే మనిషి, గెనిమ చెక్కుతున్నావంటాడా? "నీ పని నువ్వు చూసుకో," అన్నాను. ఆయన ఏం నొచ్చుకోలా. "గెనిమ చెక్కేటోడికి మట్టి తన కాళ్ళకాడికి రావాల. అందుకని పార బయటినుంచి లోపలికి లాగతాడు. బంతి మీ కాళ్ళకాడికి రాకూడదు కదా సార్, పోవాల," అని బకెట్ ఎత్తుకొని పోయినాడు.

ఇంటికిపోయి అన్నం తింటా ఆలోచించినాను. నిజమే. గెనిమ అంటే పొలం గట్టే కదా, దాని పక్కలు చెక్కేటప్పుడు పార ఎట్టా వస్తుందో నా భుజాలు అట్టానే వస్తా ఉన్నాయి. మా తాతనించి వచ్చిన విద్య అది, ఏం చేస్తాం. మర్నాడు గమ్మున పోయి, "చెప్పవయ్యా, ఏం చెయ్యమంటావు," అన్నాను. గోల్ఫ్ కర్రని వెనక్కి తీసుకున్నాక కుడిమోచేతిని పక్కటెముకలకి ఆనించి దింపమన్నాడు, నూతిలో చేద వదిలినట్టు. వారంలో నా బంతి తోపులోకి పోవడం మానేసింది.

ఆయన చూసే పద్ధతి వేరు. చెన్నైనించి వారానికోసారి ఒక కోచ్ వచ్చేవాడు. అతను మా ఒంటిని చూసేవాడు, ఫోనులో వీడియో తీసేవాడు, మోకాళ్ళు, మోచేతులు, తలకాయ అన్నీ గీతలు గీసి చూపించేవాడు. ఆయన మాత్రం ఆడే మనిషికి వీపు పెట్టి నిలబడేవాడు. కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకొని ఆకాశంలోకే చూసేవాడు. బంతి పడినాక నాలుకతో "చ్" అని ఒక చప్పుడు. ఆ చప్పుడు వచ్చిందంటే తప్పు దొరికిందని అర్థం.

"మనిషిని చూస్తే ఏం తెలస్తాది సార్? మనిషి మొహమాటానికి నిలబడతాడు, ఫోటోకి నిలబడినట్టు. బంతికి మొహమాటం లేదు. మీరు పెద్ద సారని దానికి తెలీదు."

ఒకసారి నేను గుచ్చి గుచ్చి అడిగితే మొత్తం చెప్పినాడు. గడ్డిమీద గొంతుక్కూర్చొని, పుల్లతో ఇసకలో గీతలు గీసి. "బంతి ఎటు బయల్దేరిందో, కర్ర మొహం, అదే బంతికి తగిలే పక్క, అటు చూసిందని లెక్క. బయల్దేరినాక ఎటు వంగిందో, అది చేతుల పాపం. కర్ర బయటినుంచి లోపలికి కోసుకుంటా వచ్చి మొహం తెరుచుకొనుంటే కుడికి వంగతాది. లోపల్నించి బయటికి పోయి మొహం మూసుకుంటే ఎడమకి వంగతాది. నేలబారున పాకితే, కొట్టేటప్పుడు మీరు పైకి లేచినారు. ముందు మట్టి లేచి ఆనక బంతి లేస్తే, బరువింకా వెనక కాలుమీదే ఉండాది. ఇంతే సార్. ఇంకేం లా." చెన్నై కోచ్ ఆరునెలలుగా ఇంగ్లీషులో చెప్పింది ఈ నాలుగు గీతల్లో ఉంది.

"ఇదంతా నీకెవరు చెప్పినారు?" అని అడిగినాను.

"ఎవరు చెప్తారు? రోజూ ఏరతా ఉండా కదా. ఏ బంతి యాడ పడతాదో తెలిస్తేనే కదా సార్, తిరుగుడు తగ్గేది." ఎక్కువ నడవకుండా ఉండటానికి నేర్చుకున్న విద్య అంట.

ఒకరోజు పెద్దాయన కొడతా ఉన్నాడు. మేమంతా చుట్టూ చేరి, బంతి ఎటు పోయినా "వాహ్ సార్" అంటా ఉన్నాం. బంతులు వరసగా ఎడమకి మెలి తిరిగి పడతా ఉన్నాయి. ఈయన మామూలుగా వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. మూడో బంతికి "చ్" అని, నాతో, "సారుకి నడుం పట్టేసుండాది," అన్నాడు. మెల్లగా అన్నాడనే అనుకున్నాడు పాపం. పెద్దాయన విని, ఏమన్నాడో చెప్పమని నన్ను అడిగినాడు. నాకు చెమటలు పట్టినాయి. చెప్పక తప్పలా. పెద్దాయన కర్ర కింద పెట్టి, చొక్కా పైకెత్తి చూపించినాడు. నడుముకి పట్టీ ఉంది. ముందురోజే పట్టేసిందంట, ఇంట్లో వాళ్ళకి కూడా చెప్పలేదంట. "నడుం తిరక్కపోతే పని చేతులమీద పడతాది సార్. చేతులు తొందరపడి తిరిగిపోతాయి. అందుకే మొహం మూసుకుంటా ఉండాది," అని ఈయన చేతులు కట్టుకొని చెప్పినాడు. ఆరోజునించి టౌన్‌షిప్పులో ఆయన పేరు మోగిపోయింది. పెద్ద పెద్ద ఆఫీసర్లు బంతి కొట్టేసి వెనక్కి తిరిగి ఆయన "చ్" కోసం చూసేవాళ్ళు.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఇంత తెలిసిన మనిషి ఎట్టా కొడతాడో చూద్దామని ఒక పొద్దున నా కర్ర ఆయన చేతిలో పెట్టినాను. "వద్దు సార్, ఎవరన్నా చూస్తారు," అన్నాడు. ఎవరూ లేరని బలవంతపెట్టినాను. లుంగీ బిగించి నిలబడినాడు. అబ్బ, ఆ తిప్పుడు చూడాల! నడుము, భుజాలు, చేతులు ఒకదాని వెనక ఒకటి, ఎక్కడా తొందర లేదు, ఎక్కడా ఆగడం లేదు. బంతి ఠప్పున లేచింది. లేచి, కొంత దూరం పోయి, కుడికి వంగింది. ఇంకోటి. అదీ కుడికే. పది కొడితే పదీ తోపులో పడినాయి. మొదటి వారం నా బంతులు కూడా ఇంత క్రమంగా పోలా.

నేను నవ్వినాను. ఆయనా నవ్వినాడు. "నాది కుదరదు సార్. నాది వల చెయ్యి," అన్నాడు.

అర్థం కాలా. అయితే రేపు పొద్దున్నే ఉప్పుటేరు దగ్గరికి రమ్మన్నాడు. పోయినాను. పనికి వచ్చేముందు రోజూ ఒక గంట వల వేసి, ఇంట్లోకి కూర, నాలుగు ఇళ్ళకి అమ్మడానికి చేపలు పట్టుకునేవాడు ఆయన. ఎడమ మణికట్టుకి తాడు చుట్టుకున్నాడు, వల కొంగు కొంత భుజంమీద వేసుకున్నాడు, అంచు ఒకటి పళ్ళతో పట్టుకున్నాడు, మిగతాది కుడిచేతిలోకి తీసుకున్నాడు. గోల్ఫులో తిరిగినట్టే తిరిగినాడు, అచ్చంగా అదే నడుము, అదే భుజాలు. చివర్లో మాత్రం కుడి అరచెయ్యి ఆకాశం వైపు తెరుచుకుంది. వల గుండ్రంగా పోయి పడింది. అంచునున్న సీసపు గుళ్ళన్నీ ఒక్కసారే నీళ్ళని తాకినాయి. ఒకటే చప్పుడు.

"చూసినారా సార్? అరచెయ్యి పైకి చూడాల. చూస్తేనే వల విచ్చుకుంటాది. బంతికి అది నేలవైపు తిరగాల. తిరక్కపోతే కర్ర మొహం తెరుచుకొనుంటాది, బంతి కుడికి పోతాది. పదేళ్ళప్పట్నుంచి వల వేస్తా ఉండా. నేను చెప్పినా ఇది వినదు," అని తన కుడిచేతిని చూపించి నవ్వినాడు. నేనేదో గొప్ప యంత్రం గుట్టు విప్పి చూసినవాడి మాదిరి సంబరపడిపోయినాను. ఆ సంబరమే కొంప ముంచింది.

ఆ తర్వాత నెలకే చెన్నై కోచ్ రావడం మానేసినాడు. పెద్దాయన నన్ను పిలిచి, "బయటివాడెందుకు, మీ మనిషి ఉన్నాడు కదా. ట్రైనరుగా కంపెనీ రోలులోకి, సొంత ఉద్యోగిగా తీసుకుందాం. అయితే కమిటీ ముందు కొట్టి చూపించాల. పది బంతుల్లో ఎనిమిది రెండు జెండాల మధ్య పడాల. నేర్పేవాడికి కొట్టడం రాకపోతే ఎట్టా?" అన్నాడు. నాలుగు నెలలు గడువు.

కంపెనీ రోలు అంటే మామూలు మాటా? ఆయన భార్యకి ఉబ్బసం. చలి మొదలైతే చాలు, ఆమెని బస్సులో కూర్చోబెట్టుకొని నెల్లూరు తిరగడమే. రోలులో చేరితే ఆసుపత్రి కార్డు వస్తుంది, టౌన్‌షిప్పు ఆసుపత్రిలోనే చూస్తారు. ఆ సంగతి చెప్పగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. తర్వాత చేతిని చూసుకున్నాడు.

"ఇది వినదు కదా సార్."

"ఎందుకు వినదు? నేను వినిపిస్తా. నువ్వు నాలుగు నెలలు వల ముట్టుకోవద్దు."

"వల మానేస్తేనా?" ఏదో కానిమాట విన్నట్టు చూసినాడు. "మళ్ళ ఇది మర్చిపోతేనో?"

అప్పుడు నేనన్న మాట ఇది. అక్షరం పొల్లుపోకుండా రాస్తా ఉన్నా. "నీ పిచ్చిగానీ, చేతికొచ్చిన విద్య యాడికి పోతుందయ్యా? ఈత మర్చిపోతారా? సైకిలు మర్చిపోతారా? ఉద్యోగం వచ్చినాక కావలసినంత వల వేసుకుందువు."

ఎంత ధీమాగా అన్నానో! వల గురించి నాకేం తెలుసు? జీవితంలో ఒక్కసారి చూసినాను, అదీ గట్టుమీద నిలబడి. కానీ నేను సార్ కదా. ఆ సాయంత్రం వాళ్ళింటికి పోయి ఆమెతో కూడా చెప్పినాను. చాపమీద కూర్చొని ఆయాసపడతా, "మీరు సదువుకున్నోళ్ళు సార్. మీరు చెప్పినారంటే ఆలోచించే చెప్పుంటారు," అన్నది. ఆయన వల మడిచి అటక మీద పెట్టేసినాడు.

పొద్దున వల వేసే గంట ఇప్పుడు బంతులకి పోయింది. నేను పక్కన నిలబడి, "తిప్పు, అరచెయ్యి తిప్పు," అని అరిచేవాణ్ణి. నీళ్ళ పైపు పట్టుకున్నా, చీపురు పట్టుకున్నా చివర్లో చెయ్యి బోర్లించమన్నాను. పాపం అట్టానే చేసినాడు. ఒకరోజు టీ గ్లాసు నాకు అందించబోయి, చివర్లో అరచెయ్యి తిప్పేసి నా ప్యాంటు మీద ఒలకబోసినాడు. ఇద్దరం పడీ పడీ నవ్వినాం. రెండో నెల చివరికి పదిలో నాలుగు తిన్నగా పోయినాయి. మూడో నెలలో ఆరు. నా సొంత బంతి చూసుకోవడం కూడా మానేసినాను.

మూడో నెల చివర్లో ఒక ఉదయం ఆయన గ్రౌండుకి పోకుండా మా క్వార్టరు గేటు దగ్గరికొచ్చి నిలబడినాడు. ఎప్పుడూ ఇంటికి రాని మనిషి.

"సార్, నిన్న చుట్టాలొచ్చినారు. కూరకని వల తీసుకోని పోయినా."

"వద్దన్నాను కదయ్యా!"

"విచ్చుకోలా సార్. ఎన్నిసార్లేసినా ముద్దగా పడతా ఉండాది. ఒక పక్క తెరుచుకుంటాది, ఇంకో పక్క మూసుకుంటాది. మా తమ్ముడు నవ్వినాడు."

నేను ఏం చేసినానో తెలుసా? చప్పట్లు కొట్టినాను. "శభాష్! ఇప్పుడు దారికొచ్చింది! వల విచ్చుకోలేదంటే చెయ్యి మారిందన్నమాట!" అని లోపలికి కేకేసి కాఫీ తెప్పించినాను. ఆయన గేటు బయటే నిలబడి కాఫీ తాగినాడు. నా సంబరం చూసి ఆయన కూడా ఒక నవ్వు నవ్వినాడు. గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, "అయితే మంచిదే అంటారా సార్?" అని అడిగినాడు. "మంచిదే," అన్నాను.

నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది, ఆ మాట గుర్తొస్తే. ఆ మనిషి నా దగ్గరికి భయంతో వచ్చినాడు. భయంతో వచ్చినవాడికి కాఫీ ఇచ్చి పంపించినాను.

పరీక్షలో పదికి తొమ్మిది తిన్నగా పోయినాయి. పెద్దాయన లేచి చెయ్యి కలిపినాడు. ఆరునెలలు ప్రొబేషన్, ఆ తర్వాత పర్మినెంటు అని కాగితం ఇచ్చినారు. తెల్ల బూట్లు, తెల్ల టోపీ ఇచ్చినారు. బూట్లు వేసుకొని కాళ్ళు ఎత్తెత్తి నడిచేవాడు, ముళ్ళమీద నడిచినట్టు. బంతి కాలివేళ్ళతో ఏరడం పోయింది, వంగి చేత్తో ఏరేవాడు. ఆ చలికాలం ఆయన భార్యకి టౌన్‌షిప్పు ఆసుపత్రిలోనే మందులిచ్చినారు. దారిలో కనపడితే దణ్ణం పెట్టేది. నేను ఛాతీ విరుచుకొని తిరిగినాను.

ఐదో నెలలో పెద్దాయనకి బదిలీ అయింది. వచ్చిన కొత్తాయన గోల్ఫ్ ఆడడు, యోగా చేస్తాడు. వచ్చిన మూడోవారమే ఆ గ్రౌండంతా సోలార్ పలకలు పెట్టాలన్నాడు. ట్రైనరు పోస్టు రద్దయింది. ప్రొబేషన్ పూర్తికాలేదు కాబట్టి ఎవరూ ఎవరికీ జవాబు చెప్పక్కరలేదు. అంతకుముందు ఆయన చేసిన గడ్డి పని కూడా లేదు, గడ్డే లేనప్పుడు.

నేను పోయి అడగకపోలేదు. మూడుసార్లు పోయినాను. మూడోసారి కొత్తాయన కళ్ళజోడు తీసి, "మీకు ఆయనేమన్నా బంధువా?" అని అడిగినాడు. కాదన్నాను. "మరి మీకేంటి సంబంధం?" అన్నాడు. ఏం చెప్పాల? నేను ఆయన చేతిని పాడుచేసినాను సార్ అని చెప్పాలా? లేచి బయటికి వచ్చేసినాను. పైగా ఆ పలకల పునాదుల పని మెయింటెనెన్సుకే వచ్చింది. డ్రాయింగుల మీద నా సంతకమే ఉంది. రిటైరుమెంటుకి ఏడాది ఉన్నవాణ్ణి, సంతకం చెయ్యనని ఎందుకనలేదో నన్నడక్కండి.

ఆయన వల మళ్ళీ దింపినాడని, ఉప్పుటేట్లో రోజూ వేస్తా ఉన్నాడని, వల ముద్దగానే పడతా ఉందని గ్రౌండులో పనిచేసిన తోటమాలి చెప్పినాడు. పోయి చూడాలనుకున్నాను. ఇవాళ పోదాం, రేపు పోదాం అని చివరికి పోలా. రిటైరై నెల్లూరు వచ్చేసినాను.

ఆ తర్వాత ఆయన్ని ఒక్కసారే చూసినాను. నాకు తెలిసిన ఒకాయనకి సముద్రం పక్కన రొయ్యల గుంటలున్నాయి. పంపు ఒకటి మొరాయిస్తా ఉందంటే చూడ్డానికి పోయినాను. గుంట గట్టుమీద మేత బస్తా పక్కన ఆయన నిలబడి ఉన్నాడు. నన్ను చూసి గబగబా లుంగీ కిందికి దించుకున్నాడు.

రొయ్యలు ఎంత పెరిగినాయో చూడ్డానికి వారానికోసారి గుంటలో వల వేసి నాలుగు పైకి తీస్తారు. యజమాని, "ఊఁ, వెయ్యి," అన్నాడు. ఆయన వేసినాడు. వల తడిగుడ్డ మాదిరి ముద్దగా పడింది. రొయ్యలన్నీ అటూ ఇటూ దూకి పోయినాయి. యజమాని నావైపు చూసి నవ్వినాడు. "చూసినారా సార్? సముద్రం ఒడ్డున పుట్టినాడంట, వల వెయ్యడం రాదు. జాలిపడి పెట్టుకున్నా." ఆయన తల వంచుకొని వల లాగతా ఉన్నాడు. నేను పంపు వైపు తిరిగినాను. యజమానికి ఫోనొస్తే మాట్లాడుకుంటా షెడ్డులోకి పోయినాడు.

అప్పుడు ఆయన నా దగ్గరికొచ్చినాడు. "బాగుండారా సార్? షుగరెట్టా ఉండాది?" అన్నాడు.

"బాగుంది. ఇంట్లో?"

"ఉండాది సార్. చలికాలం రొంత ఇబ్బంది." అని ఆగినాడు. తిట్టి ఉంటే బాగుండేది. కాలర్ పట్టుకొని గుంటలోకి తోసినా నేను లేచి తుడుచుకొని పోయేవాణ్ణి. ఆయన అదేం చెయ్యలా. "సార్, మీరొకసారి చూసి చెప్తారా? అందరికీ చెప్పినా గానీ, నా తప్పు నాకు కనపడతా లేదు," అన్నాడు.

వల చుట్టుకున్నాడు. కొంగు భుజాన వేసుకున్నాడు. తిరిగి విసిరినాడు. ఆయన నేర్పినట్టే మనిషిని వదిలేసి వలనే చూసినాను, అది ముద్దగా పడింది. రెండోసారి చేతినే చూసినాను. అరచెయ్యి ఆకాశం వైపే ఉంది. నడుం తిరిగింది, భుజం తిరిగింది. నాకు తెలిసినంతలో అన్నీ సరిగానే ఉన్నాయి. అయినా వల విచ్చుకోలా.

"అరచెయ్యి పైకే చూస్తా ఉందయ్యా," అన్నాను.

"అవును సార్. నేనే పెడతా ఉండా పైకి. ముందైతే నేను పెట్టేవాణ్ణి కాదు, అదే పోయేది."

నాకు తెలిసిన విద్యలన్నీ అక్కడితో అయిపోయినాయి. ముప్పైయేళ్ళు ఎన్నో యంత్రాలు విప్పి బిగించినవాణ్ణి, దీనికి ఏ మర తిప్పాలో తెలీలా. ఆయన నా మొహంలోకే చూస్తా ఉన్నాడు. ఏదో ఒకటి చెప్పాల.

"ఇంకోసారి వెయ్యి," అన్నాను. వేసినాడు. అట్టానే పడింది.

"ఈసారి రొంత మేలు," అన్నాను.

ఆయన మొహం విప్పారింది. "అవునా సార్?" అన్నాడు. తడి వల దులుపుకొని మళ్ళీ మణికట్టుకి తాడు చుట్టుకున్నాడు. మొదటిసారి నమ్మినట్టే ఈసారీ నా మాట నమ్మినాడు.